బుల్లెట్ హెడ్‌లైటుతో పదకొండేళ్లు: డబ్బంతా బల్బు మీద తగలేశాక తెలిసింది

నాన్న 1989లో కొన్న స్టాండర్డ్ 350 నా చేతికొచ్చి పదకొండేళ్లయింది. కుడికాలి గేరు, ఎడమకాలి బ్రేకు, పాయింట్ల ఇగ్నిషన్ (స్పార్కు కోసం కరెంటుని తెంచే చిన్న స్విచ్చే పాయింట్లు). ఇంజను గురించి ఎవరడిగినా గొప్పలు చెబుతా గానీ, హెడ్‌లైటు మాటెత్తితే మాత్రం టాపిక్ మార్చేసేవాణ్ని. బండి నిదానిస్తే లాంతరు, రేజ్ చేస్తే కాస్త వెలుగు. ముందు గుంత ఉందో లేదో కనబడాలంటే యాక్సిలరేటర్ తిప్పాలి, తిప్పితే గుంత ఇంకా తొందరగా వచ్చేస్తుంది.

కారణం చాలా సింపుల్, నాకు తెలియడానికి రెండేళ్లు పట్టింది. అప్పట్లో నా బండిలో హెడ్‌లైటుకి బ్యాటరీతో సంబంధమే లేదు, కరెంటు నేరుగా ఆల్టర్నేటర్ (ఇంజను తిరిగితే కరెంటు పుట్టించేది) కాయిల్ నుంచి వచ్చేది. మెకానిక్కులు ఏసీ లైటు అనేది దీన్నే. అది తెలియక 35/35 వాట్ల బల్బు పీకేసి, కొత్త డూముతో (బల్బు వెనక రిఫ్లెక్టరు, ముందు అద్దం) సహా 60/55 హాలోజన్ పెట్టించాను. బల్బు పెద్దదైందని కాయిల్ ఎక్కువ కరెంటు ఇవ్వదు కదా. ఊళ్లో మెల్లగా పోతుంటే పాతదానికన్నా డల్లుగా వెలిగింది.

తర్వాత డీసీ చేయించాను. కాయిల్ మళ్లీ చుట్టించి, ఛార్జింగుని అదుపు చేసే కట్‌అవుట్ మార్చి, లైటుని బ్యాటరీ మీదికి తెచ్చారు. మినుకుమినుకు పోయింది గానీ పెట్టిన ఖర్చుకి తగ్గ వెలుగు రాలేదు. ఒక ఆదివారం మల్టీమీటర్ పట్టుకుని కూర్చున్నా. ఇంజను నడుస్తుంటే బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు, బల్బు హోల్డర్ దగ్గర 11.2. వోల్టేజి పది శాతం తగ్గితేనే హాలోజన్ వెలుగు ఇంచుమించు మూడో వంతు పోతుంది, ఇక్కడ దాదాపు ఇరవై శాతం దారిలోనే ఆవిరి! అందులో సగం దొంగతనం ఎర్త్‌ది, అంటే కరెంటు తిరిగి బ్యాటరీకి చేరే దారిది. బల్బు ఎర్త్ వైరు హెడ్‌లైటు డొప్పకి తగిలించి ఉంది, అక్కడ పెయింటు, ఆపైన కరెంటు గ్రీసు పూసిన స్టీరింగ్ బేరింగుల గుండా ఛాసిస్‌లోకి పోవాలి. మిగతా సగం ముప్పై ఏళ్ల డిప్ స్విచ్చు, దాని వెనక సన్నటి వైర్లు.

మందం వైరు ఒకటి హోల్డర్ నుంచి నేరుగా బ్యాటరీ నెగటివ్‌కి లాగాను. హై బీముకొకటి, లో బీముకొకటి రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్చు) పెట్టాను. నంబర్లు దాని కాళ్లవి: 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా లైను, 87 నుంచి బల్బుకి, 86కి స్విచ్చు వైరు, 85 ఎర్త్. ఇప్పుడు స్విచ్చు మీద బరువు లేదు, అది రిలేని లేపితే చాలు. అదే బల్బు, అదే డూము, ఆ రాత్రి గిద్దలూరు ఘాట్‌లో మలుపు రాళ్ల మీది సున్నం గీతలు కూడా కనబడ్డాయి. మొదటి రోజే ఈ పని చేసుంటే ఎంత మిగిలేదో లెక్కవేయలేదు, వేస్తే బాధ.

మధ్యలో ఎల్‌ఈడీ మోజు కూడా తీర్చుకున్నాను. తెల్లగా, చూడ్డానికి భలే ఉంటుంది. కానీ ఫిలమెంటు ఉండాల్సిన చోట చిప్పులు సరిగ్గా లేకపోతే పాత డూము ఆ వెలుగుని ఇష్టమొచ్చినట్టు చిమ్ముతుంది. ఎదురొచ్చే ప్రతి లారీవాడూ డిప్పర్ కొట్టేవాడు. వానలో రోడ్డు అసలు కనబడేది కాదు. ఐదో నెలలో బుల్లెట్ అదురుడికి దాని ఫ్యాను ఆగిపోయింది, నేను ఏడవలేదు. టెయిల్ లైటుకి మాత్రం ఎల్‌ఈడీనే ఉంచాను, కరెంటు ఆదా. ఇంకోటి, విదేశీ డూము కొనేవాళ్లు చూసుకోండి: మనం ఎడమవైపు నడుపుతాం కాబట్టి లో బీము ఎడమ అంచు పైకి లేవాలి, కుడివైపు లేచేది పెడితే ఎదుటివాడి కళ్లలోకే.

ఇక ఆమ్మీటర్, బ్యాటరీలోకి కరెంటు వస్తోందో పోతోందో చూపే ముల్లు మీటరు. ఇగ్నిషన్ ఆన్ చేసి కిక్కర్‌ని మెల్లగా నొక్కుతుంటే ముల్లు మైనస్ నుంచి టక్కున మధ్యకి వస్తుంది, పాయింట్లు విడిపోయాయని అర్థం. అప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి వదిలే డీకంప్రెషన్ లీవర్ పట్టి కాస్త దాటించి వదిలి తంతే ఒక్క కిక్కుకి స్టార్ట్. అదంటే నాకు ప్రాణం, కానీ అదే నన్ను ఒక రాత్రి ఘాట్‌లో నిలబెట్టింది. ఇగ్నిషన్‌కీ, స్విచ్చులకీ కరెంటు దాని గుండానే పోతుంది, వెనకాల నట్టు అదిరి వదులైంది, అంతే, లైటూ లేదు, ఇంజనూ లేదు. నేనేమో ఫోను టార్చితో పాయింట్లు, కండెన్సర్ విప్పి గంటసేపు వెతికాను. అప్పటినుంచి రెండు నెలలకోసారి ఆ నట్లు బిగిస్తాను, అప్పుడే పాయింట్ల గ్యాపు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య ఉందో లేదో చూస్తాను, బ్యాటరీ టెర్మినళ్లకి వాజిలైన్ రాస్తాను. స్పేర్ ఫ్యూజు సీటు కింద టేపు వేసి ఉంటుంది.

పోని లోటు ఒకటుంది. సిగ్నల్ దగ్గర నిలబడితే 55 వాట్ల లో బీము బ్యాటరీని తాగేస్తుంది. 2017 ఏప్రిల్ తర్వాతి బళ్లకైతే హెడ్‌లైటు ఆపే వీల్లేదు, మనదానికి స్విచ్చు ఉంది కాబట్టి ఎరుపు పడగానే హెడ్‌లైటు తీసేసి పక్కనుండే రెండు చిన్న లైట్లు, టైగర్ లైట్లంటారు, అవి వేసుకుంటాను. వెనకున్న కుర్రాడు "అన్నా, లైటు పోయింది" అని చెబుతాడు, ప్రతిసారీ.