చికాగో దగ్గర క్యాంపింగ్: పార్కు పేరు కాదు, సైటు నంబరు చూడాలి

చికాగో చుట్టుపక్కల టెంటుకైనా ఆర్వీకైనా (లోపలే పడక, వంటగది ఉండే బండి) చోటు వెతికేవాళ్లు ముందు పార్కు పేరు ఖాయం చేసుకుని, ఖాళీగా ఉన్న సైటు ఏదైతే అది పట్టేస్తారు. ఈ వరస తిరగేయాలి. ఒకే పార్కులో ఒక సైటు చదునుగా, నీడగా ఉంటుంది. నాలుగు సైట్లు అవతలిది పల్లంలో ఉండి, వాన పడగానే టెంటు కింద నీళ్లు నిలుస్తాయి. ఇల్లినాయిలో చాలాచోట్ల నేల బంకమట్టి, నీరు త్వరగా ఇంకదు. కాబట్టి బుక్ చేసేముందు మ్యాపు తెరిచి వాలు ఎటుందో, రోడ్డు, రైలు, షవర్లు ఎంత దూరమో చూడండి. అంతకంటే ముందు తేల్చుకోవలసింది కరెంటు కావాలా వద్దా అని.

లేక్ మిషిగన్ ఒడ్డున ఇసుకకొండలుండే ఇండియానా డ్యూన్స్ దగ్గరే చాలామంది పొరపడతారు, ఎందుకంటే ఆ పేరుతో పక్కపక్కనే రెండు పార్కులున్నాయి. ఒకటి నేషనల్ పార్కు, 2019లో ఆ హోదా వచ్చింది. ఇంకోటి స్టేట్ పార్కు. బుకింగ్ వేరు, ప్రవేశ రుసుము వేరు. నేషనల్ పార్కుల వార్షిక పాసు స్టేట్ పార్కు గేటు దగ్గర చెల్లదు. నేషనల్ పార్కులోని డ్యూన్‌వుడ్ క్యాంప్‌గ్రౌండ్‌లో 66 సైట్లు, షవర్లు, ఫ్లష్ టాయిలెట్లు ఉన్నాయి, సైట్లలో కరెంటు మాత్రం లేదు. నీడ బాగుంటుంది, టెంటుకు చక్కని చోటు. అయితే లేక్ మిషిగన్ ఒడ్డు మైలున్నర దూరం. సౌత్ షోర్ రైలు మార్గం, యూఎస్ 12 రహదారి రెండూ దగ్గరే కాబట్టి నిద్ర పల్చనివాళ్లు రోడ్డుకు దూరంగా, లోపలివైపున్న సైటు తీసుకుని చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు తెచ్చుకోవాలి.

స్టేట్ పార్కులో 140 సైట్లు, అన్నింటికీ కరెంటు ఉంది. ఇసుక ఒడ్డుకు నడిచే వెళ్లొచ్చు. మౌంట్ జాక్సన్, మౌంట్ హోల్డెన్, మౌంట్ టామ్ అనే మూడు ఇసుకకొండలెక్కే త్రీ డ్యూన్ చాలెంజ్ మొత్తం మైలున్నరే. అందులో అన్నింటికన్నా ఎత్తయిన మౌంట్ టామ్ 192 అడుగులు. కానీ ఇసుకలో ఒకడుగు వేస్తే అరడుగు వెనక్కి జారుతుంది, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వద్దు. జులైలో పసిపిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు నా ఓటు స్టేట్ పార్కుకే. ఇద్దరు ముగ్గురు స్నేహితులు టెంటుతో వెళ్తుంటే డ్యూన్‌వుడ్ చాలు.

ఇసుక నేలలో టెంటుతో వచ్చే సన్నటి మేకులు పనిచేయవు, గాలి గట్టిగా వీస్తే ఊడి వస్తాయి. అడుగు పొడవున్న వెడల్పాటి ఇసుక మేకులు కొనుక్కోండి. లేకపోతే గట్టి సంచిలో ఇసుక నింపి, తాడు దానికి కట్టి అడుగు లోతున పాతిపెట్టండి. అది కదలదు.

జయాన్‌లోని ఇల్లినాయ్ బీచ్ స్టేట్ పార్కు ఉత్తర శివార్లవాళ్లకు దగ్గర. ఇక్కడ క్లాస్ ఏ సైట్లు, అంటే కరెంటు, షవర్లు, బండి సైటుదాకా వెళ్లే దారి. ఇందులో నీటి కనెక్షను గానీ మురుగు కనెక్షను గానీ సైటు దగ్గర ఉంటుందని అనుకోకండి. వచ్చేటప్పుడే ట్యాంకులో నీళ్లు పట్టుకోవాలి, వెళ్లేటప్పుడు మురుగు ట్యాంకును, మురుగు వదిలే చోటైన డంప్ స్టేషన్‌లో ఖాళీ చేయాలి. ఒడ్డున లైఫ్‌గార్డులు ఉండరు. అలలు ఎక్కువగా ఉన్నరోజు లోపలికి లాగే ప్రవాహాలు వస్తాయి, పిల్లల్ని నీళ్లలోకి దింపొద్దు.

లోయలు, జలపాతాలున్న ఇల్లినాయ్ స్టేట్ పార్కు స్టార్వ్డ్ రాక్ గురించి ఒక్కమాట. క్యాంప్‌గ్రౌండు లోయల దగ్గర లేదు, ట్రెయిల్స్‌కి కారులోనే వెళ్లాలి. వేసవి, ఆకులు రంగు మారే అక్టోబరు వారాంతాల్లో పార్కింగ్ నిండితే గేటు మూసేస్తారు. ఉదయం ఎనిమిదికల్లా అక్కడ ఉండాలి. వానలు పడిన వెంటనే వెళ్తేనే జలపాతాలు బాగుంటాయి, ఎండాకాలం చివర్లో గోడమీద తడి మాత్రమే కనిపిస్తుంది.

మొదటిసారి వెళ్లేవాళ్లకు, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినవాళ్లకు కుక్ కౌంటీ ఫారెస్ట్ ప్రిజర్వ్స్ వారి క్యాంప్ బుల్‌ఫ్రాగ్ లేక్ బాగా సరిపోతుంది. విల్లో స్ప్రింగ్స్‌లో ఉంది. టెంటు సైట్లతోపాటు క్యాబిన్లూ ఉన్నాయి. వాన ఆగకపోయినా, ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోయినా ఇంటికి తిరిగి వెళ్లే దూరమే. చుట్టూ ఉన్న పేలోస్ అడవుల్లో దీపాల వెలుగు తక్కువని 2021లో గుర్తింపు వచ్చింది. నగరం ఇంత దగ్గర ఉండి కూడా నక్షత్రాలు కనిపించడం పెద్ద విషయం. చెరువు పక్క సైట్లలో జూన్, జులై నెలల్లో దోమలు ఎక్కువ, గట్టుకు కాస్త ఎగువన తీసుకోండి.

మిషిగన్‌లోని వారెన్ డ్యూన్స్ స్టేట్ పార్కు‌కి వెళ్తే గడియారం గంట ముందుకు జరుగుతుంది, చెకిన్, గేటు వేళలు దానికి తగ్గట్టు లెక్కేసుకోవాలి.

ఇక ఆర్వీ కరెంటు. 30 ఆంప్స్ సైటులో 120 వోల్టుల దగ్గర మొత్తం 3,600 వాట్లే వస్తాయి. ఏసీకి సుమారు 1,500, ఇండక్షన్ స్టవ్‌కి 1,800, కరెంటు గీజరుకు 1,400 వేసుకోండి. మూడూ కలిస్తే 4,700, బ్రేకరు పడిపోతుంది. అన్నం వండేటప్పుడు గీజరు ఆపేస్తే చాలు. 50 ఆంప్స్ సైటులో ఈ తంటా ఉండదు, అక్కడ 12,000 వాట్లు వస్తాయి. కానీ 30 ఆంప్స్ బండికి అడాప్టరు పెట్టి 50లో తగిలించినా బండి వాడుకునేది 30 ఆంప్సే. ఎండ మండే మధ్యాహ్నం అందరి ఏసీలూ నడుస్తుంటే పాత క్యాంప్‌గ్రౌండుల్లో వోల్టేజి పడిపోతుంది. 105 కంటే తగ్గితే ఏసీ కంప్రెసర్‌కు దెబ్బ. వోల్టేజి తగ్గితే తానే కట్ చేసే రక్షణ పరికరం బండికి ముందు తగిలించండి. ఇండియా నుంచి తెచ్చిన 230 వోల్టుల మిక్సీ ఇక్కడ నడవదు, పచ్చడి ఇంట్లోనే రుబ్బుకుని రావాలి.

టెంటు బయట వంటకు ఒక పౌను ప్రొపేన్ సిలిండరు, 10,000 బీటీయూ (పొయ్యి వేడి కొలత) పొయ్యిమీద పూర్తి మంట పెడితే రెండు గంటలు వస్తుంది. గాలిలో కుక్కరు విజిల్ రావడానికి రెట్టింపు సమయం పడుతుంది, కాబట్టి మూడువైపులా గాలి అడ్డు పెట్టి, ఆరుగురికి రెండు పూటలకు రెండు సిలిండర్లు తెచ్చుకోండి. పులిహోర కలిపిన గిన్నె, నెయ్యి డబ్బా రాత్రి బయట వదిలితే రకూన్లు వస్తాయి. మూతలు తీయడం వాటికి బాగా తెలుసు. కారులో పెట్టి తాళం వేయండి.

కట్టెలు ఇంటినుంచి తీసుకెళ్లకండి. 2002లో మిషిగన్‌లో బయటపడిన ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పచ్చపురుగు ఇలా కట్టెలతోనే ఊళ్లకు ఊళ్లు దాటింది. బెరడు తీసిన కట్టెలో ప్రభుత్వ ధ్రువీకరణ ముద్ర ఉన్నవో తప్ప ఇండియానా స్టేట్ పార్కుల్లోకి రానివ్వరు. ఆ పురుగు చంపిన యాష్ చెట్లు ఇంకా నిలబడే ఉంటాయి, కొమ్మలు గాలికి విరిగి పడతాయి. టెంటు వేసేముందు తలెత్తి ఎండుకొమ్మ ఏదైనా ఉందేమో చూడండి. గడ్డిలో తిరిగొచ్చాక పిల్లల మోకాళ్ల వెనక, చెవుల వెనక పిడుదులున్నాయేమో వెతకండి.

వాతావరణ హెచ్చరికలు కౌంటీ పేరుతో వస్తాయి. ఇండియానా డ్యూన్స్ పోర్టర్ కౌంటీ, జయాన్ లేక్ కౌంటీ, స్టార్వ్డ్ రాక్ లసాల్ కౌంటీ. ఉరుములు మొదలవగానే టెంటు వదిలేసి కారులోకో ఇటుక గోడల షవరు గదిలోకో వెళ్లాలి.

ఆదివారం పొద్దెక్కాక డంప్ స్టేషన్ దగ్గర బండ్ల వరస పెరుగుతుంది, తొమ్మిదిలోపు ముగించుకోండి. క్యాంపులో ఉన్నన్నాళ్లూ మలం ట్యాంకు వాల్వు మూసే ఉంచాలి. తెరిచి ఉంచితే నీళ్లు పోయి గట్టిది అడుగున పేరుకుంటుంది. మూడింట రెండువంతులు నిండాక దాన్ని ముందు వదిలి, ఆ తర్వాత స్నానం, సింకు నీళ్ల ట్యాంకు వదిలితే ఆ నీళ్లే గొట్టాన్ని కడుగుతాయి. తాలింపు నూనె, బియ్యం కడిగిన నీళ్లు సింకులో పోస్తే ఆ ట్యాంకు రెండో రోజుకే కంపు కొడుతుంది. నూనె కాగితంతో తుడిచి చెత్తలో వేయాలి.