పథకాల మదింపు: పేరున్న పరిశోధకులా, జిల్లా విశ్వవిద్యాలయమా?

ఒక పథకం ఫలితమిచ్చిందో లేదో తేల్చుకోవాలనుకునే ప్రభుత్వ శాఖ ముందు రెండు దారులున్నాయి. దేశవిదేశాల్లో పేరున్న పరిశోధకులతో రాష్ట్రస్థాయిలో ఒప్పందం చేసుకోవడం ఒకటి. నెల్లూరు దగ్గర కాకుటూరులోని విక్రమ సింహపురి విశ్వవిద్యాలయానికో, ఒంగోలులోని ఆంధ్ర కేసరి విశ్వవిద్యాలయానికో జిల్లా యంత్రాంగం ఆ పని అప్పగించడం రెండోది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ నిర్దేశించిన, గ్రామసభ జరిపే సామాజిక తనిఖీ లాంటిది చాలదా అనేవారున్నారు. డబ్బు ఎవరికి చేరిందో ఆ తనిఖీ చెబుతుంది గానీ, పథకమే లేకపోతే ఆ కుటుంబం ఎలా ఉండేదో చెప్పదు.

మొదటి దారికి మన రాష్ట్రంలోనే గట్టి ఉదాహరణ ఉంది. ఉపాధి కూలి, పింఛన్లను వేలిముద్రల స్మార్ట్‌కార్డుల ద్వారా చెల్లించే పద్ధతిని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దశలవారీగా తెచ్చినప్పుడు, ఏ మండలానికి ముందు, ఏ మండలానికి తర్వాత అన్నది లాటరీ వేసి నిర్ణయించేందుకు ప్రభుత్వం ఒప్పుకుంది. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్‌తంకర్ 157 మండలాలను తీసుకుని, కార్డులు ముందొచ్చిన వాటిని ఇంకా రాని వాటితో పోల్చి చూశారు. కూలి త్వరగా అందిందనీ, ఉపాధి హామీ సొమ్ములో పక్కదారి పట్టేది సుమారు 41 శాతం తగ్గిందనీ తేలింది. కొత్త పద్ధతే కావాలని లబ్ధిదారుల్లో నూటికి 90 మందికి పైగా చెప్పారు. అంత నమ్మకంగా చెప్పగలగడం లాటరీ పుణ్యమే. కానీ సర్వే 2012లో ముగిస్తే, వ్యాసం పత్రికలో అచ్చయ్యేసరికి 2016 వచ్చింది.

ఇక కనిగిరి వైపు ఫ్లోరైడ్ గ్రామాల సంగతి వేరు. అక్కడ శుద్ధజల ప్లాంటు పనిచేస్తోందా అన్నది అసలు ప్రశ్న కాదు. ఇంట్లో తాగే నీరు ఏది, వంటకు వాడేది ఏది అన్నది ప్రశ్న. పంచాయతీ మనిషి పక్కన నిలబడి ఉండగా అడిగితే, ముసలమ్మ అతని ముఖం చూసి “అంతా బాగానే ఉందయ్యా” అంటుంది. అతన్ని మర్యాదగా పంపించి, కూలి నుంచి మనుషులు తిరిగొచ్చే వేళకు మళ్లీ వెళ్లి, వంటింట్లో బిందె చూపించమని అడగడం జిల్లా విశ్వవిద్యాలయంలో చదివే ఆ పక్క ఊరి విద్యార్థికి తేలిక.

పైగా అన్ని ఫలితాలూ ముందుగా రాసుకున్న ప్రశ్నపత్రంలో ఇమడవు. 1991లో నెల్లూరు జిల్లాలో మొదలైన అక్షరాస్యతా ఉద్యమాన్ని, ఎందరు సంతకం నేర్చుకున్నారన్న లెక్కతోనే మదింపు చేసి ఉంటే, రాత్రిబడిలో కూడిన దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన సంగతి ఆ నివేదికలో కనిపించేదే కాదు. ఊళ్లో మసలే పరిశోధకుడికి అటువంటిది చెవిన పడే అవకాశం ఎక్కువ.

అయితే జిల్లా విశ్వవిద్యాలయానికీ లోటుంది: కలెక్టరేటు నుంచి వచ్చిన పనిలో, కలెక్టరుకు నచ్చని మాట రాయడానికి చెయ్యి వెనకాడుతుంది. అందువల్ల లక్షల కుటుంబాలకు నగదు చెల్లించే పథకాలకు మొదటి దారినీ, నీరు, బడి, పౌష్టికాహారం వంటి వాటికి రెండో దారినీ నేను ఎంచుకుంటాను. రెండో దారిలో మాత్రం పథకం మొదలుకాకముందే ఒప్పందం కుదరాలి. గ్రామాల ఎంపిక బయటి గణాంక నిపుణుల చేతిలో ఉండాలి. ఫలితం ఎలా ఉన్నా నిర్ణీత గడువులో నివేదికను బయటపెట్టాలన్న షరతు అందులో రాసి ఉండాలి. దానికి శాఖ ఒప్పుకోకపోతే విశ్వవిద్యాలయం ఆ పని తీసుకోకపోవడమే మంచిది.