డిసేబిలిటీ పెన్షన్ రాదన్నారు: మళ్ళీ అప్పీలా, చెన్నై ట్రిబ్యునలా?

డిసేబిలిటీ పెన్షన్ అడిగితే మిలిటరీ రికార్డ్స్ ఆఫీసు నుంచి వచ్చే తిరస్కరణ ఉత్తరంలో అసలు విషయం ఒక్క వాక్యమే. మీ జబ్బు సర్వీసు వల్ల వచ్చింది కాదు, సర్వీసు వల్ల ముదిరిందీ కాదు. బీపీ అయినా, షుగరైనా, గుండె జబ్బయినా, మూర్ఛయినా మాట అదే. కింద ఆరు నెలల్లో అప్పీలు చేసుకోవచ్చని రాసి ఉంటుంది. మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో మిలిటరీ నుంచి రిటైరై వచ్చినవాళ్ళు తక్కువేం కాదు. ఈ ఉత్తరం అందుకున్నవాళ్ళంతా అడిగేది ఒకటే: మళ్ళీ వాళ్ళకే రాసుకోవాలా, కోర్టుకు పోవాలా?

నన్నడిగితే, ముందు పేచీ దేని మీదో తేల్చుకోవాలి. జబ్బు ఎంత శాతం అన్నదాని మీద పేచీ అయితే అప్పీలే మేలు. జబ్బుకూ సర్వీసుకూ సంబంధం లేదన్నదాని మీద అయితే చివరికి సైనికుల కేసులు చూసే ట్రిబ్యునలే దిక్కు.

శాతం సంగతి త్వరగా చెప్పేస్తాను. మామూలుగా సర్వీసు పూర్తిచేసుకుని వచ్చినవాళ్ళకు మెడికల్ బోర్డు 20 శాతం కన్నా తక్కువ వేస్తే డిసేబిలిటీ పెన్షన్ రాదు. అది డాక్టర్లు తేల్చాల్సిన విషయం, ట్రిబ్యునల్‌లో ఎంత వాదించినా పెద్దగా లాభం ఉండదు. అప్పీలులో మళ్ళీ మెడికల్ బోర్డు పెట్టమని అడగడమే దారి. జబ్బు పేరుతో మధ్యలోనే ఇంటికి పంపేసినవాళ్ళ విషయం వేరు. వాళ్ళకు కనీసం 20 శాతం ఉన్నట్టే లెక్కని సుప్రీంకోర్టు 2014లో సుఖ్వీందర్ సింగ్ కేసులో చెప్పింది.

అసలు చిక్కంతా రెండో రకంలోనే. ఇక్కడ చేతిలో ఉండాల్సింది మెడికల్ బోర్డు కాగితాలు. లేకపోతే పది రూపాయల పోస్టల్ ఆర్డరు పెట్టి ఆర్టీఐ కింద రికార్డ్స్ ఆఫీసుకు రాయండి. జవాబుకు 30 రోజులు గడువు. వచ్చాక మూడు చోట్ల చూడాలి: భర్తీ అయినప్పుడు ఈ జబ్బు ఉన్నట్టు రాశారా, మొదట ఎప్పుడు, ఏ పోస్టింగ్‌లో బయటపడింది, సంబంధం లేదనడానికి కారణం ఏమని రాశారు. ఆ కారణం గడిలో తరచుగా కనిపించేది ఒక్క ముక్క: పీస్ స్టేషన్‌లో, అంటే యుద్ధం, సరిహద్దు డ్యూటీ లేని చోట మొదలైంది, కాబట్టి సంబంధం లేదు. మీ కేసంతా ఆ ఒక్క ముక్క మీదే నడుస్తుంది.

ఎందుకంటే 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. భర్తీ నాటి రికార్డులో జబ్బు రాయకపోతే మనిషి ఆరోగ్యంగానే చేరాడని అనుకోవాలి. తర్వాత వచ్చిన జబ్బుకు సర్వీసుతో సంబంధం లేదని నిరూపించాల్సింది ప్రభుత్వమే, జవాను కాదు. ఇక బీపీ, షుగర్ విషయంలో ఫీల్డ్, ఎత్తైన మంచు ప్రాంతాల డ్యూటీ ప్రభావాన్ని మిలిటరీ డాక్టర్లు పాటించాల్సిన మెడికల్ ఆఫీసర్ల గైడే ఒప్పుకుంటుంది. గుండె జబ్బుకైతే అంతకు ముందు 14 రోజులు ఏ డ్యూటీ చేశారో చూడమంటుంది. ఆ వివరం ఫైల్లో ఉందో లేదో చూసుకోండి.

ఉద్దానం వాళ్ళకు ఇంకో మాట. కవిటి, సోంపేట వైపు నుంచి వెళ్ళిన జవానుకు కిడ్నీ జబ్బు వస్తే అది మీ ఊరి జబ్బే కదా అనడం చాలా తేలిక. అనుమానంతో తోసేయడం కుదరదు, కారణం రాయాలి. చేరిన నాటి పరీక్షల కాగితాలు మిగతావాళ్ళకన్నా మీకే ఎక్కువ అవసరం.

మరి ఇంత బలమైన తీర్పులున్నప్పుడు అప్పీలులోనే పని కాదా? కావచ్చు. ఖర్చు రిజిస్టర్ పోస్టు డబ్బులే, రాయడానికి జిల్లా సైనిక్ వెల్ఫేర్ ఆఫీసులో సాయం దొరుకుతుంది. కానీ అప్పీలు విచారించే కమిటీ చూసేది ప్రధానంగా అదే ఫైలు, అదే డాక్టర్ల అభిప్రాయం. మొదటిది పోతే రెండో అప్పీలు, దానికీ ఆరు నెలల గడువు. అయినా మానకండి. శాఖలో ఉన్న దారులు చూసుకోకుండా వస్తే ట్రిబ్యునల్ మామూలుగా తీసుకోదు. అప్పీలు పెట్టి ఆరు నెలలైనా జవాబు రాకపోతే మాత్రం ఇక ఆగక్కర్లేదు, నేరుగా వెళ్ళొచ్చు. పోస్టాఫీసు రసీదు దాచుకోండి, ఆరు నెలలు లెక్కకట్టేది దాన్ని బట్టే.

ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్‌లో మన రాష్ట్రం చెన్నై బెంచి కిందికి వస్తుంది. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో రైలెక్కి దూర ప్రయాణం, లాయరు ఫీజు, వాయిదాలు. అన్నీ నిజమే. సొంతంగా వాదించుకునే హక్కు చట్టంలో ఉంది గానీ, గైడు పేరాలూ తీర్పులూ పట్టుకుని వాదించాలంటే అలవాటున్న లాయరే నయం. లాభం ఏమిటంటే బెంచిలో ఒక జడ్జి, సైన్యంలో పెద్ద హోదాలో చేసిన ఒక అధికారి కూర్చుంటారు. కారణం రాయని బోర్డును వాళ్ళు కారణం అడుగుతారు.

డబ్బు లెక్క చూడండి. నూరు శాతానికి చివరి జీతంలో 30 శాతం. జీతం 40,000 అనుకుంటే 30 శాతం డిసేబిలిటీకి నెలకు 3,600. 20 నుంచి 50 లోపు ఉన్నదాన్ని 50గా లెక్కకట్టే పద్ధతి రిటైరైన వాళ్ళకూ వర్తిస్తుందని 2014లో రామ్ అవతార్ కేసులో తేలింది. అలాగైతే 6,000, పైన డీఆర్ (ధరల పెరుగుదలకు పెన్షన్ మీద ఇచ్చే భత్యం). 2023 సెప్టెంబరు 21 తర్వాత బయటికొచ్చినవాళ్ళకు కొత్త నిబంధనలున్నాయి, ఈ లెక్క వాళ్ళకు నేరుగా పెట్టకండి.

ఆలస్యం వల్ల హక్కు పోకపోవచ్చు గానీ బకాయిలు పోవచ్చు. చాలా కేసుల్లో కేసు వేసిన రోజుకు వెనక్కి మూడేళ్ళవే ఇచ్చారు. రెండో అప్పీలు పెట్టి జవాబు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూస్తూ కూర్చోవడం అందుకే అన్నిటికన్నా ఖరీదైన దారి.

హైకోర్టు? ట్రిబ్యునల్ తీర్పు మీద వెళ్ళొచ్చని 2023లో సుప్రీంకోర్టు తేల్చింది. మొదటి మెట్టుగా మాత్రం వద్దు. గెలిచాక ప్రభుత్వం కూడా అక్కడికి వెళ్ళగలదు. 2025 జూలైలో ఢిల్లీ హైకోర్టు అలాంటి ప్రభుత్వ పిటిషన్లు దాదాపు 300 కొట్టేసింది. అంతదాకా లాగుతారని ముందే తెలిస్తే టెన్షన్ కొంత తగ్గుతుంది.

లాయరును పెట్టుకునేటప్పుడు ఫీజు మొత్తం ముందే మాట్లాడుకోండి. వచ్చే బకాయిల్లో ఇంత వాటా అనేవాళ్ళ దగ్గరికి పోవద్దు. ఫలితంలో వాటా తీసుకోకూడదని బార్ కౌన్సిల్ నియమమే ఉంది. ఒరిజినల్ కాగితాలు ఎవరికీ ఇవ్వకండి, జిరాక్సులే ఇవ్వండి.