మా మూల మీది గిర్నీ: మూడేళ్ళుగా కారం, పసుపు, నలుగు పిండి పట్టించాక

హన్మకొండలో మా గల్లీ మలుపు మీద రేకుల షెడ్డులో ఒక గిర్నీ, అంటే పిండి మర, ఉంది. బోర్డు మీద రంగు వెలిసిపోయి పేరు కనబడదు, అందరం "మూల మీది గిర్నీ" అనే అంటాం. మూడేళ్ళ నుంచి మా ఇంటి కారం, పసుపు, ధనియాల పొడి, జొన్న పిండి, బియ్యప్పిండి, మనుమడి నలుగు పిండి అన్నీ అక్కడే పట్టిస్తున్నా. గిర్నీ మంచిదా కాదా అని నేను చూసేది ఒక్కటే. నేను ఇచ్చిన సరుకే నాకు తిరిగి రావాలి. ఇంకొకరి కారం నా పిండిలో కలవొద్దు, నా సరుకు వాళ్ళ యంత్రంలో మిగిలిపోవద్దు.

ఇంత పట్టింపు ఎందుకో చెప్తా. అంతకుముందు ఇంకో గిర్నీకి పోయేదాన్ని. మనుమడికి అప్పుడు ఏడో నెల. పెసలు, శనగలు, కచ్చూరాలు, నీడన ఆరబెట్టిన గులాబీ రేకులు కలిపి నలుగు పిండి పట్టించి తెచ్చిన. తెల్లారి నూనె రాసి, ఆ పిండితో రుద్దుతుంటే పిల్లవాడు గుక్కపట్టి ఏడ్చిండు. వీపంతా ఎర్రబడ్డది. చిటికెడు పిండి నాలుక మీద వేసుకుంటే చుర్రుమన్నది. కారం పట్టిన మరలోనే, దులపకుండా, నా పిండి పోసిండ్రు. చల్లనీళ్ళతో నాలుగైదు సార్లు కడిగి, కొబ్బరినూనె రాస్తే గంటకు తేరుకున్నడు. పోయి అడిగితే "కొంచెమే కదమ్మా, ఏం కాదు" అన్నరు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

ఈ మూల మీది గిర్నీలో నలుగు పిండికి ఒక పద్ధతి ఉంది. ఆదివారం పొద్దున్నే, అన్నిటికంటే ముందు, గిర్నీ నడిపే అన్న రాతి మరలో పడతడు. మనం ఇంటి నుంచి అరకిలో బియ్యం తీసుకపోవాలి. ముందు ఆ బియ్యం పోసి ఆడిస్తే రాళ్ళ సందుల్లో ఉన్న పాత పిండి అంతా దాంతో బయటికి వస్తది. ఆ పిండిని పక్కకు తీసి మనకే ఇస్తడు, నేను తులసికోట ముందు ముగ్గుకు వాడుకుంటా. తర్వాత మన నలుగు సరుకు పోస్తడు. మూడేళ్ళలో ఒక్కసారి కూడా పిల్లవాడి ఒంటి మీద మంట లేదు. నాకు ఇదొక్కటి చాలు ఈ గిర్నీకే పోవడానికి.

మరలు నాలుగున్నయి. కారానికి ఒకటి, పసుపుకు ఒకటి, జొన్నలు, గోధుమలు, పప్పుల లాంటి పొడి సరుకుకు రాతి మర ఒకటి, సంక్రాంతి తడి బియ్యానికి వేరే ఒకటి. కారం మరకు, రాతి మరకు మధ్య గోడ కట్టించిండు. మర మూతికి కట్టే గుడ్డ సంచులు కూడా దేనిది దానికే.

కారం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఏడాది వంట దాని మీదనే ఉంటది. మా డాబా మీద పాత రంగు డబ్బాలకు అడుగున తూట్లు కొట్టి ఇరవై మిరప చెట్లు పెట్టుకున్న. వంటింటి చెత్త, ఎండుటాకులు కలిపి మాగబెట్టిన ఎరువే వాటికి తిండి. పచ్చిమిర్చికి వాడుకోంగ మిగిలినవి పండబెట్టి ఎండబెడితే ఈసారి కిలో ఎండుమిర్చి వచ్చింది. ఇంకో మూడు కిలోలు ఎనుమాముల మార్కెట్‌కు సరుకు తెచ్చే మా చుట్టాల దగ్గర కిలో 220 లెక్కన కొన్న. అందులో ఒక కిలో చపాటా. దొడ్డుగా, టమాటా లెక్క ఉంటది, కారం తక్కువ, ఎరుపు ఎక్కువ. 2025లో మా వరంగల్ చపాటాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది గాని, మా అమ్మ కాలం నుంచీ పచ్చళ్ళకు మా ఇండ్లల్లో ఇదే. మిగతాది తేజ రకం, అది నిప్పే. మూడు పాళ్ళు తేజకు ఒక పాలు చపాటా కలిపితే కూర చూడ్డానికి ఎర్రగా, నోటికి ఘాటుగా ఉంటది.

మొదటిసారి తీసుకపోయినప్పుడు గిర్నీ అన్న ఒక కాయ తీసి చెవి దగ్గర ఊపి, విరిచి చూసి, "ఇయ్యి ఇంక ఎండలేదక్కా. రేపొక్క ఎండ పెట్టి తీస్కరా. ఇప్పుడు పడితే నెలకు ముక్క వాసన వస్తది" అన్నడు. ఆ రోజు అతనికి రావల్సిన నూట యాభై రూపాయలు వద్దనుకొని నన్ను వెనక్కి పంపిండు. అప్పుడే నాకు నమ్మకం కుదిరింది. అతను చెప్పిన గుర్తు ఇది: కాయ ఊపితే లోపల గింజలు గలగలమనాలి, విరిస్తే పెళ్ళున విరగాలి, వంగొద్దు. ఇప్పుడు నేను ముచ్చికలు తీసినంక డాబా మీద రెండు గట్టి ఎండలు పెట్టి, కాయల వేడి తగ్గకముందే సంచికెత్తుకొని పోతా.

ఈ ఏప్రిల్ లెక్క రాసి పెట్టుకున్న. నాలుగు కిలోల మిర్చి ముచ్చికలు తీసి ఎండబెడితే 3 కిలోల 600 గ్రాములు తూగింది. పట్టించి ఇంట్లో తూస్తే 3 కిలోల 550. యాభై గ్రాములే పోయింది, అది గాలికి లేచే పొడి. పాత గిర్నీలో మూడు కిలోలిస్తే రెండుం ముప్పావు చేతికొచ్చేది. ఖర్చు చూస్తే మిర్చికి 660, కిలోకు 40 చొప్పున పట్టుకూలి 144, మొత్తం 804 రూపాయలు. మా వీధి కిరాణంలో కారం పొట్లం కిలో 400 పడుతుంది, అంత కారానికి 1,400 దాటుతది. ఆరు వందలు మిగిలినయి. పైగా డబ్బాలోది ఏ చెట్టు కాయో నాకు తెలుసు.

మర నుంచి వచ్చిన పొడి చెయ్యి పెడితే కాలేంత వేడిగా ఉంటది. దాన్ని అట్లనే డబ్బాలో మూత పెడితే చెమ్మ పట్టి గడ్డ కడతది. ఇంటికి రాంగనే పాత నూలు చీర పరిచి పలుచగా ఆరబోస్తా. చల్లారినంక కిలోకు గుప్పెడు వేయించిన దొడ్డుప్పు పొడి కలిపి జాడీకెత్తి, పైన ఒక ఇంగువ ముక్క పెడతా. పోయినేడు కారం ఈ మార్చి దాకా రంగు మారలేదు, పురుగు రాలేదు.

ఇక పసుపు. డాబా మీద ఆరు డబ్బాల్లో పెడతా. మిరుగు (మృగశిర కార్తె) వానలు పడంగనే కొమ్ములు నాటితే, ఆకు పండి వాలిపోయేటప్పటికి జనవరి దాటుతది. ఈసారి పచ్చి కొమ్ములు ఐదు కిలోలు తవ్వుకున్న. విత్తనానికి కొన్ని ఇసుకలో దాచి, మిగతావి నీళ్ళు పోసి ఉడకబెట్టిన. కమ్మటి వాసన లేచి, పుల్ల గుచ్చితే మెత్తగా దిగాలి, అప్పుడు దించాలి. రెండు వారాలు ఎండబెడితే ముప్పావు కిలో అయ్యింది. పచ్చిదాంట్లో అయిదో వంతు చేతికొస్తే బాగా వచ్చినట్టే లెక్క. ఎండిన కొమ్ము రాయి లెక్క ఉంటది, దాన్ని రోట్లో నలగ్గొట్టి ముక్కలు చేసి తీసుకపోతేనే మర ఒప్పుకుంటది. ఇన్ని పాట్లు ఎందుకంటే, బయట పసుపులో మెటానిల్ యెల్లో లాంటి రంగులు కలిపే మోసం ఉంది. నిజామాబాద్ అంత పెద్ద పసుపు మార్కెట్ ఉన్న రాష్ట్రంలో, 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు కూడా అక్కడే మొదలైన చోట, పాలల్లో వేసే చిటికెడు పసుపుకు భయపడొద్దనిపించింది నాకు.

ఇక్కడనే ఈ గిర్నీతో నాకు ఇబ్బంది. పసుపు కిలో కంటే తక్కువుంటే పట్టడు. తక్కువ పోస్తే మరలోనే అంటుకపోయి చేతికేం రాదంటడు. అతని మాట నిజమే, కానీ డాబా మీద పండించుకునే మాలాంటోళ్ళకు కిలో ఎండు పసుపు ఎక్కడిది? రెండేండ్లు పక్కింటి వదినె కొమ్ములు, నావి కలిపి పట్టించుకున్నం. ఆమె డాబా నాకు తెలుసు, ఆమె ఎరువు తెలుసు, కాబట్టి ఒప్పుకున్న. వేరేవాళ్ళైతే ఒప్పుకోకపోదును.

సంక్రాంతి ముందు నాలుగు రోజులు మాత్రం అక్కడికి పోవాలంటే ఓపిక ఉండాలి. సకినాలకు రాత్రంతా నానబోసి వడగట్టిన కొత్త బియ్యంతో గల్లీ మొత్తం గిన్నెలు పట్టుకొని నిలబడ్తది. పోయినేడు మూడు గంటలు నిలబడ్డ. నా వంతు వచ్చేటప్పటికి బియ్యం పైపైన ఆరిపోయి, పిండి బరకగా వచ్చింది, సకినం చుట్టుతుంటే తెగింది. చిట్టీలు రాసి ఇస్తున్నడు గాని నంబరుకు టైము చెప్పడు. చెప్తే ఇంటికి పోయి బియ్యం మీద తడిబట్ట కప్పి ఉంచుకుంటం కదా. భోగి ముందురోజు వద్దు, ఇంకా ముందు పోండి. తెల్లారి ఆరు గంటలకైతే పావుగంటలో పని అయితది.

కూర్చోవడానికి బల్ల లేదు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దమనుషులు గోధుమ బస్తాల మీద కూర్చుంటరు. కారం పడుతుంటే అందరికీ దగ్గు, తుమ్ములు. కొంగు సరిపోదు, ముక్కుకు మాస్కు కట్టుకొని పోండి, చిన్నపిల్లలను అసలు తీసుకపోవద్దు. తూకం యంత్రం అంకెలు మొదట్లో అతని దిక్కే ఉండేవి. "అన్నా, మా దిక్కు తిప్పు" అంటే నవ్వి తిప్పిండు, అప్పటి నుంచి అట్లనే ఉంచిండు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా బంద్. కరెంటు పోతే సంచులు అక్కడ వదిలిపెట్టి రావొద్దు, గల్లీలో అందరివీ ఒకే రకం సంచులు. నేను పాత దుప్పటి కోసి కుట్టుకున్న, కారానికి ఎర్రదారం కుట్టు, పసుపుకు పచ్చదారం, పిండికి తెల్లదారం. అప్పటి నుంచి మారిపోలేదు.

ఇప్పుడు రేట్లు కిలోకు ఇట్లున్నయి: కారం 40, పసుపు 60, ధనియాలు 40, గోధుమలు, జొన్నలు 10, పొడి బియ్యం 12, నలుగు పిండి 30. ధనియాలు ఇంట్లో దోరగా వేయించి, చల్లార్చి తీసుకపోండి, వేడివి అతను తీసుకోడు. జొన్నలు ఇచ్చేటప్పుడు "రొట్టెలకు" అని చెప్తే సన్నగా పడతడు, "గట్కకు" అంటే రాళ్ళ మధ్య సందు పెంచి రవ్వగా పడతడు. చెప్పకపోతే రొట్టెలకే అనుకుంటడు.

పోయిన వారం చిన్న పసుపు మర ఒకటి తెప్పించమని మళ్ళా అడిగిన. "దసరాకు చూస్త అక్కా, మీ డాబాలోళ్ళు ఇంకో పదిమంది చెప్పాలె" అన్నడు. హన్మకొండలో ఇంటి పసుపు పండించేవాళ్ళు ఎవరైనా అటు పోతే, మీరు కూడా ఒక మాట అడగండి.