గ్రౌండ్ నుంచి మేయర్ కుర్చీకి: నలుగురు ఫుట్‌బాల్ ఆటగాళ్ళలో ఎవరు మేలు?

పేరున్న ఫుట్‌బాల్ ఆటగాడు రిటైరై మేయర్ పదవికి నిలబడితే సగం ప్రచారం ముందే అయిపోయినట్టు. పోస్టర్ మీద మొహం ఉంటే చాలు, కింద పేరు రాయక్కర్లేదు. సినిమా హీరోలను ముఖ్యమంత్రుల్ని చేసుకున్న మనకు ఈ సంగతి ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. గెలవడం వరకు సరే. గెలిచాక చెత్త బండ్లు, మంచినీళ్ళు, బస్సులు, ఫుట్‌పాత్ మీద తోపుడు బండ్లు, ఇవన్నీ ఎవరు నెగ్గుకొచ్చారన్నదే తేల్చుకోవాల్సిన విషయం.

అందుకే నలుగురిని పక్కపక్కన పెట్టి చూద్దాం. మెక్సికోలోని క్వెర్నవాకాకు మేయరైన క్వౌతెమోక్ బ్లాంకో, పెరూ రాజధాని లిమాలో లా విక్టోరియా అనే డిస్ట్రిక్ట్‌కు మేయరైన జార్జ్ ఫోర్సైత్, జార్జియా రాజధాని తిబిలిసీ మేయర్ కాఖా కలాడ్జే, ఇటలీలోని వెరోనా మేయర్ డామియానో టొమ్మాసి. తిబిలిసీని పక్కన పెడితే మిగతావి మరీ మహానగరాలేమీ కావు. లా విక్టోరియా జనాభా 2 లక్షల లోపే. వెరోనాలో ఉండేది రెండున్నర లక్షల మంది, అంటే ఇంచుమించు మన ఏలూరంత.

పోల్చే ముందు ఒక తేడా గుర్తుంచుకోవాలి. మన కార్పొరేషన్లలో మేయర్‌ను కార్పొరేటర్లు ఎన్నుకుంటారు, ఫైళ్ళ మీద అసలు పట్టు కమిషనర్‌ది. పని జరగకపోతే ఎవరిని తిట్టాలో మనకే సరిగ్గా తెలియదు. ఈ నలుగురి ఊళ్ళలో మేయర్‌ను జనమే నేరుగా ఎన్నుకుంటారు. సిబ్బంది, బడ్జెట్ అతని చేతి కిందే ఉంటాయి. కాబట్టి మనిషి ఎలాంటివాడో దాచినా దాగదు.

ముందు బ్లాంకో. 1998 ప్రపంచకప్‌లో దక్షిణ కొరియా మీద బంతిని రెండు పాదాల మధ్య ఇరికించుకుని, కప్పలా గెంతి, ఇద్దరు డిఫెండర్ల మధ్య నుంచి దూరిపోయిన మనిషి. 2015 ఏప్రిల్‌లో ప్యూబ్లా జట్టు తరఫున మెక్సికో కప్ గెలిచాడు. అదే ఏడాది జూన్‌లో క్వెర్నవాకా మేయర్‌గా గెలిచాడు. రెండింటి మధ్య రెండు నెలలు కూడా లేవు. పాలన సంగతి నేర్చుకోవడం మాట దేవుడెరుగు, కాళ్ళ నొప్పులు తగ్గడానికి కూడా ఆ టైం సరిపోదు.

పైగా అది అతని ఊరు కాదు. పుట్టింది మెక్సికో సిటీలో, పెరిగింది అక్కడి తెపితో బజారు పేటలో. క్వెర్నవాకా మోరెలోస్ రాష్ట్రానికి రాజధాని, మెక్సికో సిటీ జనం వారాంతాల్లో సేదతీరడానికి వెళ్ళే చోటు. అక్కడి ఒక చిన్న స్థానిక పార్టీ అతన్ని తెచ్చి నిలబెట్టింది. మేయరయ్యాక కూడా ఆట మీద మనసు పూర్తిగా పోలేదు. 2016 మార్చిలో అజ్తెకా స్టేడియంలో, అమెరికా అనే పేరున్న మెక్సికో క్లబ్ జెర్సీ వేసుకుని వీడ్కోలు మ్యాచ్ ఆడాడు. అది ఎగ్జిబిషన్ మ్యాచ్ కాదు, లీగ్ మ్యాచ్. ఒక ఊరి మేయర్ ఫస్ట్ డివిజన్‌లో ఆడటం వినడానికి భలేగా ఉంటుంది. నేను ఆ ఊరివాడినైతే మాత్రం అంత సంబరపడేవాణ్ణి కాదు.

అయితే అతను దిగిన పరిస్థితి ఎంత కఠినమైనదో కూడా చెప్పాలి. 2016 జనవరి 2న, పక్కనే ఉన్న తెమిష్కో ఊరి మేయర్ జిసేలా మోతాను ఇంట్లోనే కాల్చి చంపారు. ఆమె ప్రమాణ స్వీకారం చేసి ఒక్క రోజే అయింది. మున్సిపాలిటీల పోలీసులందరినీ రాష్ట్రం కిందికి తెచ్చే ఉమ్మడి కమాండ్‌కు అందరూ ఒప్పుకోవాలని గవర్నర్ గ్రాకో రామిరేజ్ పట్టుబట్టాడు. బ్లాంకో ఒప్పుకోలేదు. మొదటి వారంలోనే పోలీసులు ఎవరి మాట వినాలన్న దాని మీద మేయర్‌కూ గవర్నర్‌కూ గొడవ. ఆ ఏడాది డిసెంబర్‌లో, ఊళ్ళో నివాసం లేకుండానే పోటీ చేశాడంటూ రాష్ట్ర శాసనసభ అతన్ని దించడానికి సిద్ధమైంది. అతను కెథడ్రల్ దగ్గర నిరాహార దీక్షకు కూర్చున్నాడు. చివరికి సుప్రీంకోర్టు జోక్యంతో కుర్చీ నిలిచింది.

ఇక్కడ నా సానుభూతి బ్లాంకో వైపే. జనం ఓటేసి గెలిపించినవాణ్ణి నివాస పత్రం సాకుతో దించాలనుకోవడం పాత రాజకీయ నాయకుల ఎత్తుగడే. కానీ లెక్క చూస్తే ఊరికి మిగిలిందేమిటి? గవర్నర్ మీద యుద్ధం. ఆ యుద్ధమే అతనికి పెట్టుబడి అయింది. 2018లో తానే గవర్నర్‌గా గెలిచాడు. మేయర్‌గా చేసిన మంచి పనికి మెచ్చి జనం గవర్నర్‌ను చేశారంటే నేను నమ్మను. పాత గవర్నర్ మీద కోపం, ఆ ఏడాది దేశాధ్యక్షుడిగా గెలిచిన ఒబ్రడోర్ పేరు మీద దేశమంతా వీచిన గాలి, ఈ రెండూ కలిసి గట్టెక్కించాయి.

ఫోర్సైత్ కథ పూర్తిగా వేరు. అలియాన్సా లిమా క్లబ్‌కు గోల్‌కీపర్. ఆ క్లబ్ స్టేడియం ఉన్నది లా విక్టోరియాలోనే. ఆడే రోజుల్లోనే 2010 ఎన్నికల్లో అక్కడ కౌన్సిలర్‌గా గెలిచాడు. 2016లో ఆట వదిలేసి, 2018 అక్టోబర్‌లో మేయర్‌గా గెలిచాడు. అంటే ఊరూ తెలుసు, కౌన్సిల్ హాలూ తెలుసు. అతనికి ముందున్న మేయర్, వ్యాపారుల నుంచి మామూళ్ళు వసూలు చేసే ముఠా నడిపాడన్న కేసులో 2018లోనే అరెస్టయ్యాడు. కొత్తవాడికి దక్కిన వారసత్వం అది.

లా విక్టోరియాలో గమారా అనే బట్టల మార్కెట్ ఉంది. పెరూ మొత్తానికి బట్టలు అక్కడి నుంచే వెళ్తాయంటారు. హైదరాబాద్ కోఠీ, సుల్తాన్ బజార్ రద్దీ చూసినవాళ్ళకు ఆ వీధుల్ని ఊహించుకోవడం కష్టం కాదు. లోపల షాపుల వాళ్ళు, బయట రోడ్డంతా వీధి వ్యాపారులు, వాళ్ళ దగ్గర జాగా పేరుతో డబ్బు గుంజే రౌడీలు. 2019లో ఫోర్సైత్ ఆ వీధుల్ని కంచెలతో మూసి, బండ్లన్నీ ఖాళీ చేయించాడు. టీవీల్లో అదే వార్త, దేశమంతా అదే చర్చ. షాపుల వాళ్ళు మెచ్చుకున్నారు. రోడ్డున పడ్డ వీధి వ్యాపారులకు మాత్రం కడుపు మండింది. చాలామంది ఏమీ ఎక్కడికీ పోలేదు, చుట్టుపక్కల వీధుల్లోకి జరిగారు. ఇలాంటి పని ఎవరు చేసినా మొదటి నెల ఫొటోలు బాగుంటాయి. అసలు పని మూడో ఏడాదిలో ఉంటుంది, ఆ వీధిని అలాగే నిలబెట్టడంలో.

ఆ మూడో ఏడాది రానేలేదు. 2020లో అధ్యక్ష ఎన్నికల సర్వేల్లో అతని పేరు అందరికంటే ముందుంది. అక్టోబర్‌లో మేయర్ పదవికి రాజీనామా ఇచ్చేశాడు. నాలుగేళ్ళ పదవిలో రెండేళ్ళు కూడా నిండలేదు. 2021 ఏప్రిల్‌లో ఓట్లు లెక్కపెడితే ఆరు శాతం కూడా రాలేదు. ఉన్నదీ పోయె, కోరిందీ రాకపోయె.

తప్పంతా అతని మీదే వేస్తే అన్యాయమవుతుంది. పెరూలో 2015 నుంచి మేయర్లు వెంటనే రెండోసారి పోటీ చేయడానికి వీల్లేదు. నాలుగేళ్ళ తర్వాత ఎలాగూ దిగిపోవాలి, ఎంత బాగా చేసినా అదే ఓటరు మళ్ళీ మార్కులు వేసే అవకాశం లేదు. అలాంటప్పుడు పేరున్నవాడి కళ్ళు పై కుర్చీ మీదికి పోకుండా ఎలా ఉంటాయి? ఆటగాడి గుణం ఎంత ముఖ్యమో, ఆ కుర్చీకి ఉన్న రూలు కూడా అంతే ముఖ్యం.

కలాడ్జేకు ఈ చిక్కు లేదు. 2017లో గెలిచాడు, 2021లో రెండో రౌండ్ దాకా వెళ్ళి గెలిచాడు, 2025లో మళ్ళీ గెలిచాడు. ఏసీ మిలాన్‌తో 2003లోనూ 2007లోనూ చాంపియన్స్ లీగ్ అందుకున్న డిఫెండర్. 2009లో తిబిలిసీలోనే, సొంత జనం ముందే, ఇటలీతో మ్యాచ్‌లో ఒక్కడే రెండు సెల్ఫ్ గోల్స్ వేసుకుని జట్టును 2-0తో ఓడించిన ఘనతా అతనిదే. అలాంటి రోజు చూసినవాడికి కౌన్సిల్ సమావేశంలో తిట్లు ఒక లెక్కా?

2012లో ఆట వదిలిన కొద్ది నెలలకే ఇంధన మంత్రి, ఉప ప్రధాని. ఐదేళ్ళు అక్కడ పనిచేశాకే మేయర్ కుర్చీలోకి వచ్చాడు. ఆఫీసు నడపడం తెలిసి వచ్చాడన్న తేడా కనబడుతుంది. చవ్చవాడ్జే అవెన్యూలో బస్సులకు ప్రత్యేక లేన్ పెట్టించాడు, కొత్త బస్సులు తెప్పించాడు, పార్కింగ్‌ను జోన్లుగా విడగొట్టి రుసుము పెట్టాడు. కార్ల వాళ్ళు గోలపెట్టినా వెనక్కి తగ్గలేదు. రోజూ బస్సెక్కే మనిషికి ఇది చిన్న సంగతి కాదు. పని లెక్క మాత్రమే చూస్తే బ్లాంకో, ఫోర్సైత్ ఇద్దరూ ఇతని దరిదాపుల్లోకి రారు.

కానీ అతను మేయర్ ఒక్కటే కాదు, అధికార పార్టీ జార్జియన్ డ్రీమ్‌కు ప్రధాన కార్యదర్శి కూడా. 2024లో విదేశీ నిధులు తీసుకునే సంస్థల మీద తెచ్చిన చట్టానికి వ్యతిరేకంగా, ఆ తర్వాత ఎన్నికల మీద తిబిలిసీ వీధులు రాత్రిళ్ళు నిరసనలతో నిండిపోతే, నగర మేయర్ నిలబడింది పార్టీ పక్షానే. 2025లో ప్రతిపక్షంలో చాలా పార్టీలు ఎన్నికల్నే బహిష్కరించాయి. అలాంటి పోటీలో వచ్చిన మెజారిటీని చూసి జనం మెచ్చారని తేల్చలేం. బస్సు లేన్ మంచిదే, కానీ ఆ రోడ్డు మీద నిరసనకు దిగినవాడికి కూడా అతనే మేయర్ కదా.

ఇక టొమ్మాసి. ఇతని గురించి ఎక్కువ చెప్పాలని ఉంది, ఎందుకంటే చెప్పడానికి మెరుపులు తక్కువ. రోమా జట్టు 2001లో లీగ్ గెలిచినప్పుడు మిడ్‌ఫీల్డ్‌లో అలుపు లేకుండా పరిగెత్తినవాడు. టొట్టి, బటిస్టూటా లాంటి స్టార్లు ఫొటోల్లో ఉంటే ఇతను వెనక ఎక్కడో ఉంటాడు. 2002 ప్రపంచకప్‌లో దక్షిణ కొరియా మీద ఎక్స్‌ట్రా టైంలో గోల్ వేస్తే ఆఫ్‌సైడ్ అని కొట్టేశారు, కొద్దిసేపటికే ఇటలీ ఇంటిముఖం పట్టింది. 2004లో మోకాలు దారుణంగా దెబ్బతింది. కోలుకుని తిరిగొచ్చాక, ఆడకుండా జీతం తీసుకోవడం ఇష్టంలేక నెలకు 1500 యూరోల కనీస వేతనానికి సంతకం పెట్టాడు. ఇటలీలో ఫుట్‌బాల్ చూడనివాళ్ళకు కూడా ఈ సంగతి తెలుసు.

నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది ఆ తర్వాతి ఘట్టం. 2011 నుంచి 2020 దాకా అతను ఇటలీ ఆటగాళ్ళ సంఘానికి అధ్యక్షుడు. పదవిలోకి వచ్చిన కొన్ని నెలలకే, ఆగస్టులో, ఒప్పందం కుదరక ఆటగాళ్ళు సమ్మె చేస్తే లీగ్ మొదటి వారం మ్యాచ్‌లే వాయిదా పడ్డాయి. కోట్లు సంపాదించేవాళ్ళకు సమ్మె ఎందుకని జనం తిట్టారు. కానీ సంఘంలో ఉండేది కోటీశ్వరులే కాదు, మూడో డివిజన్‌లో క్లబ్ దివాళా తీసి జీతం అందనివాళ్ళు కూడా. క్లబ్ యజమానుల ఎదురుగా కూర్చుని, ఒక్కో వాక్యం మీద బేరమాడి, సగం దక్కించుకుని బయటికి వచ్చి మనవాళ్ళకు సర్దిచెప్పడం, మున్సిపల్ పని అచ్చం ఇదే. 2018లో ఇటలీ ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్ష పదవికి నిలబడి ఓడిపోయాడు కూడా. ఓటమి రుచి కూడా తెలుసు.

2022లో వెరోనాలో నిలబడ్డాడు. పక్కనున్న నెగ్రార్‌లో పుట్టాడు, హెల్లాస్ వెరోనా క్లబ్‌లోనే ఆట మొదలుపెట్టాడు, కాబట్టి పరాయివాడన్న మాట రాలేదు. ఊరు మాత్రం రైట్ పార్టీల కంచుకోట. గెలుపులో అదృష్టం పాలు ఎంతో ఉంది: రైట్ పక్షం రెండుగా చీలింది, మేయర్‌గా ఉన్న స్బొఆరినా రెండో రౌండ్ ముందు మాజీ మేయర్ టోసితో పొత్తుకు ఒప్పుకోలేదు. మొదటి రౌండ్‌లో దాదాపు 40 శాతం, రెండో రౌండ్‌లో 53 శాతంతో టొమ్మాసి గెలిచాడు. అవతలివాళ్ళు ఒకటై ఉంటే ఈ వ్యాసంలో అతని పేరు ఉండేది కాదేమో.

గెలిచాక గమారా లాంటి దృశ్యం ఒక్కటీ లేదు. ఏళ్ళ తరబడి నానుతున్న ట్రాలీబస్సు పనులతో తవ్విపోసిన రోడ్లు, రోమన్ కాలం నాటి అరేనాలో ఏటా జరిగే ఒపెరా, 2026 చలికాలపు ఒలింపిక్స్ ముగింపు వేడుకకు ఆ అరేనానే సిద్ధం చేసుకోవడం. రోడ్డు తవ్వితే తిట్లు పడేది కుర్చీలో ఉన్నవాడికే, ఆ ప్రాజెక్టు ఎవరి కాలంలో మొదలైతేనేం.

నలుగురిలో ఒకరు ఎటాకర్, ఒకరు కీపర్, ఒకరు డిఫెండర్, ఒకరు మిడ్‌ఫీల్డర్ కాబట్టి పొజిషన్‌ను బట్టి జాతకం చెప్పాలని సరదా పుడుతుంది. అదంతా కాలక్షేపం. తేడా ఆట ఆగిన రోజుకూ కుర్చీ ఎక్కిన రోజుకూ మధ్య ఏం చేశారన్న దాంట్లో ఉంది. బ్లాంకోకు ఆ మధ్య కాలమే లేదు. ఫోర్సైత్‌కు ఆడే రోజుల నాటి కౌన్సిలర్ అనుభవం ఉంది, ఓపిక లేదు. కలాడ్జేకు మంత్రి అనుభవం ఉంది, పార్టీని దాటిన గొంతు లేదు. టొమ్మాసి మాత్రం తొమ్మిదేళ్ళు ఇతరుల జీతాల కోసం బేరమాడి వచ్చాడు.

మన దేశంలో బైచుంగ్ భూటియా సంగతి కూడా ఇక్కడ పనికొస్తుంది. 2016లో సిలిగురి అసెంబ్లీ సీటుకు నిలబడి ఓడిపోయాడు. ఓడించింది ఎవరో కాదు, అప్పటికి సిలిగురి మేయర్‌గా ఉన్న సీపీఎం నాయకుడు అశోక్ భట్టాచార్య. భారత ఫుట్‌బాల్‌లో అంత పెద్ద పేరు, తమ నీళ్ళ పైపులు, మురుగు కాలువలు చూస్తున్న మనిషి ముందు నిలవలేదు. సిలిగురి ఓటరును మెచ్చుకోవాలనిపిస్తుంది. సిక్కింలో సొంత పార్టీ పెట్టి అక్కడా ఓడి, 2024లో భూటియా రాజకీయాలే మానేశాడు.

నా ఓటు ఎవరికంటే, మొదటిది టొమ్మాసికి, అందులో తటపటాయింపు లేదు. చివరి స్థానం బ్లాంకోది. చిక్కల్లా మధ్య ఇద్దరితోనే. ఐదేళ్ళ కిందట అడిగితే కలాడ్జేను కళ్ళు మూసుకుని రెండో స్థానంలో పెట్టేవాణ్ణి. ఇప్పుడూ అతన్నే పెడుతున్నాను, కానీ బస్సుల కోసం మాత్రమే. గమారా వీధులకు కంచె వేయడానికి తెగువ కావాలి, ఫోర్సైత్‌కు అది ఉంది. కానీ సగంలో దిగిపోయే మేయర్‌కు మళ్ళీ ఓటేయమంటే నావల్ల కాదు.