ఆండర్సన్ వీధి చార్టుల దుకాణం: ఫిజీ పల్లె బడికి కొన్న సరుకు ఎలా ఉంది

చెన్నైలో బడి సామాను కొనాలంటే ఎవరైనా పారీస్ కార్నర్‌కే వెళ్లమంటారు. ఆ సందుల్లో ఆండర్సన్ వీధి కాగితానికీ శుభలేఖలకీ పేరుపడింది. నేను రాస్తున్న దుకాణం వీధిలోంచి కనబడదు. శుభలేఖల షాపు పక్కన ఇరుకు మెట్లెక్కి మొదటి అంతస్తుకు వెళ్లాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కిందినుంచి కేకేస్తే కుర్రాడు సాంపిళ్లు కిందికే తెచ్చి చూపిస్తాడు. గోడ చార్టులు, అక్షరాల కార్డులు, పలకలు, పూసల చట్రాలు, పటాలు అన్నీ ఉంటాయి. రెడీమేడ్‌వి కాక, మనం చెప్పినట్టు అచ్చువేసి కూడా ఇస్తారు. ముందే చెప్పేస్తాను: సరుకు గట్టిది, ధర న్యాయంగా ఉంది, తెలుగు అచ్చు మాత్రం దగ్గరుండి చూసుకోవాలి.

నేను పెరంబూరు వైపు తెలుగు మీడియం ప్రైమరీ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఈసారి కొన్నది ఇక్కడి పిల్లలకు కాదు. పసిఫిక్ సముద్రంలోని ఫిజీలో వనువా లెవు అనే దీవి మీద, లంబాసా పట్నానికి దూరంగా చెరకు తోటల మధ్య ఉన్న ఒక చిన్న ప్రాథమిక బడికి. ఆ బడి హెడ్ టీచరు తన భర్త వైద్యం కోసం చెన్నై వచ్చి మా వీధిలోనే ఇల్లు అద్దెకు తీసుకుంది. తెలుగు కొంచెం, ఫిజీ హిందీ ఎక్కువ, మధ్యమధ్య ఇంగ్లీషు. సాయంత్రాలు మా ఇంటికి వచ్చి అక్కా అక్కా అంటూ బడి కబుర్లన్నీ చెప్పేది. ఆవిడ ముత్తాత గోదావరి జిల్లా నుంచి వచ్చి ఈ మద్రాసు రేవులోనే ఓడెక్కాడట. 1903 నుంచి 1916 దాకా ఐదేళ్ల ఒప్పందం మీద ఇక్కణ్ణుంచి ఫిజీ చెరకు తోటలకు వెళ్లిన దక్షిణాదివాళ్లు దాదాపు 15 వేలమంది. తమిళులు, తెలుగువాళ్లు, మలయాళీలు. ఆ ఒప్పందాన్ని అక్కడ ఇప్పటికీ గిర్మిట్ అనే అంటారు.

దుకాణం గురించి రాసేముందు ఆ బడుల గురించి కొంచెం చెప్పాలి. సరుకు మంచిదా కాదా అన్నది అది ఏ గోడకు వేలాడుతుందో దాన్నిబట్టి ఉంటుంది కదా.

ఫిజీలో 330కి పైగా దీవులున్నా మనుషులుండేవి 110 దాకా. ప్రాథమిక బడుల్లో ప్రభుత్వానికి సొంతమైనవి వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. మిగతావన్నీ ఊళ్లవి, చర్చిలవి, సంఘాలవి. ప్రభుత్వం టీచర్లకు జీతమిస్తుంది, పిల్లల తలలెక్కన గ్రాంటిస్తుంది. 2014 నుంచి ఫీజు కూడా లేదు. కానీ బడి కట్టుకోవడం, దాన్ని నిలబెట్టుకోవడం కమిటీ పని. పిల్లలు ఎక్కువున్న పట్నం బడికి తలలెక్క గ్రాంటు సరిపోతుంది. దీవి మీది చిన్న బడికి కప్పు రేకులు మార్చి, వాననీటి ట్యాంకు బాగుచేసేసరికి డబ్బు అయిపోతుంది. చార్టుల దాకా ఎక్కడ వస్తుంది? ఒకటి నుంచి ఎనిమిది దాకా తరగతులుంటాయి, టీచర్లు ముగ్గురో నలుగురో. రెండు మూడు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టి ఒకే టీచరు చెప్పాలి. కాంపోజిట్ క్లాస్ అంటారు. ఆవిడ అంతకుముందు పనిచేసిన దీవిలో కొందరు పిల్లలు ఇంజను పడవలో బడికి వచ్చేవారట. సముద్రం బాగాలేని రోజున హాజరు పట్టీ సగం ఖాళీయే.

ఇక తుఫాన్లు. 2016 ఫిబ్రవరి 20న విన్‌స్టన్ తుఫాను కొట్టినప్పుడు ఫిజీలో 44 మంది చనిపోయారు, వందల బడులు దెబ్బతిన్నాయి, చాలాచోట్ల టెంట్లు వేసి పాఠాలు చెప్పారు. తుఫాను వస్తే చాలా ఊళ్లలో జనం తలదాచుకునేది కూడా బడిలోనే. ఆ రోజుల గురించి ఆవిడ ఎక్కువ మాట్లాడలేదు. "గోడమీదవన్నీ ముద్దయిపోయాయి అక్కా, పిల్లలు రాసినవి కూడా" అంది, అంతే. అందుకే దుకాణంలో నేను అడిగిన మొదటి మాట తడి గురించి.

దుకాణం పెద్దాయనది నెల్లూరు వైపు. తడవకూడదు, చిరగకూడదు, చుట్టి దాచుకునేలా ఉండాలి అన్నాను. కేటలాగు తీయకుండా ఆయనే నన్ను ప్రశ్నలడగడం మొదలుపెట్టాడు. "గదిలో ఎన్ని క్లాసులు కూర్చుంటాయి టీచరమ్మా? గోడ సిమెంటుదా, చెక్కదా? మేకు దిగుతుందా?" సర్వీసంతా ఈ సామాను కొంటూనే ఉన్నాను, గోడ సంగతి అడిగిన దుకాణదారుణ్ణి ఈయన్నే చూశాను. మూడు క్లాసులని చెప్తే, గోడకు అతికించేవి వద్దన్నాడు. తాడు మీద వేలాడదీసి తిప్పుకునేలా రెండువైపులా అచ్చు వేద్దాం, ఒకవైపు చిన్న క్లాసుది, వెనకవైపు పెద్ద క్లాసుది అన్నాడు. ఒక క్లాసుకు లెక్కలు చెబుతూ ఇంకో క్లాసును పనిలో పెట్టాల్సిన టీచరుకు ఇంతకంటే పనికొచ్చేది లేదు. ఏకోపాధ్యాయ బడుల్లో చేసినవాళ్లకు ఈ మాట బాగా అర్థమవుతుంది.

చార్టులు రెండు రకాలు. మామూలు కాగితం మీద లామినేషన్ వేసినవి, నాన్ టియరబుల్, అంటే చిరగని షీటు మీద నేరుగా అచ్చువేసినవి. రెండిటి సాంపిళ్లూ తీసుకెళ్లి, కాశిమేడులో మా చెల్లెలు వాళ్ల మేడమీద వాననెలల్లో వేలాడదీయించాను. సముద్రపు గాలి సూటిగా తగిలే ఇల్లు. లామినేషన్ చార్టు అంచులు చక్కగానే నిలిచాయి. తాడు కోసం చిల్లు కొట్టినచోట మాత్రం తడి లోపలికి పాకింది. చిల్లు చుట్టూ కాగితం ఉబ్బింది, మచ్చ రోజురోజుకూ పెరిగి మొదటి వరస అక్షరాల దాకా వచ్చింది. చిల్లుకు వేసిన ఇనుప ఐలెట్, అంటే చిల్లు అంచుకు బిగించే రింగు, తుప్పుపట్టి గోధుమరంగు చార కిందిదాకా దిగింది. నాన్ టియరబుల్ షీటు చెక్కుచెదరలేదు, ఎండకు ఎరుపు రంగు కాస్త వెలిసిందంతే.

రెండూ పట్టుకెళ్లి చూపిస్తే పెద్దాయన వాదనకు దిగలేదు. అన్నిటికీ ఇత్తడి ఐలెట్లు వేయించాడు. లామినేషన్ కార్డులకు ఒక కిటుకు చేశాడు: ముందు కాగితానికి పెద్ద చిల్లు కొట్టించి, ఫిల్ము వేశాక ఆ చిల్లు మధ్యలో చిన్న చిల్లు కొట్టించాడు. అప్పుడు తాడు వెళ్లేచోట రెండు పొరల ఫిల్ము మాత్రమే ఉంటుంది, కాగితం అంచు గాలికి తగలదు. అంగన్‌వాడీ టీచర్లు, తీరం ఊళ్ల టీచర్లు ఈ పద్ధతి అడిగి చేయించుకోండి. ఎక్కడైనా చేస్తారు, అడగాలంతే.

పలకల విషయంలో నాకు తృప్తి లేదు. దుకాణంలో మంచి మార్కాపురం రాతి పలకలున్నాయి. తడిసినా తుడిస్తే చాలు, తరాలు నిలుస్తాయి. కానీ వాటికి చెక్క ఫ్రేము. బయటినుంచి వచ్చే చెక్క, విత్తనాలు, ఆకులతో చేసిన వస్తువుల మీద ఫిజీలో తనిఖీ చాలా గట్టిగా ఉంటుంది. చీడ ఒక్కటి దిగితే దీవి పంటలన్నిటికీ ముప్పు, కాబట్టి ఆ పట్టింపు సబబే. అందుకని చెక్క ఫ్రేము పలకలు, తాటాకు బొమ్మలు, చింతగింజలు అన్నీ పక్కన పెట్టేశాం. బదులుగా ప్లాస్టిక్ ఫ్రేము రేకు పలకలు తీసుకున్నాం. రాతి మీద బలపం పట్టినట్టు రేకు మీద పట్టదు, జారిపోతుంది. అక్షరం దిద్దే పిల్లాడి వేళ్లకు ఆ పట్టు కావాలి. ప్లాస్టిక్ ఫ్రేములో రాతి పలకలు తెప్పించమని చెప్పి వచ్చాను. చింతగింజలకు బదులు ప్లాస్టిక్ పూసల చట్రాలు కొన్నాం. అవి బావున్నాయి, పూసలు కమ్మీ మీద బిగుసుకోకుండా కదులుతున్నాయి. గవ్వలైతే అక్కడి తీరంలో పిల్లలే ఏరుకుంటారు.

బొమ్మల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. రెడీమేడ్ తెలుగు చార్టులన్నీ ఒకటే తీరు: ఏనుగు, ఒంటె, ఎలుగుబంటి. ఫిజీ పల్లె పిల్లలు వాటిని చూసే వీలే లేదు. చార్టులో రైలుబండి బొమ్మ ఉంటుంది. లంబాసా పిల్లలకు రైలంటే మిల్లుకు చెరకు మోసే చిన్న రైలే. మేమిద్దరం కూర్చుని వేరే జాబితా రాసుకున్నాం. చేమదుంప, కర్రపెండలం, కొబ్బరి, సీమపనస, చెరకు, తాబేలు, పడవ, వల, పీత, వాన. చేమదుంప, కర్రపెండలం అక్కడ రోజూ తినే తిండి. ఇన్ని తెలుగు మాటలు ఆ పిల్లల కళ్లముందే ఉన్నప్పుడు ఒంటెతో పనేముంది? దుకాణంలో బొమ్మలేసే ఆర్టిస్టు ఉన్నాడు, కొత్త బొమ్మలకు వేరే ఇవ్వాలి. పడవకు కాశిమేడు ఫైబరు పడవ ఫొటో ఇచ్చాం. ఆవిడ చూసి "మా పడవలు కూడా అచ్చం ఇట్లనే" అంది. చేమదుంప ఆకును మాత్రం తామరాకులా వేశాడు. ఆకు తెప్పించి చూపించి మళ్లీ వేయించాం. దానికి అదనంగా తీసుకోలేదు.

ప్రపంచ పటం సంగతి మరీ ముఖ్యం. మన దగ్గర దొరికే పటాల్లో ఫిజీ కుడివైపు అంచున పడుతుంది. 180 డిగ్రీల రేఖాంశం ఫిజీలోని తవేయుని దీవి మీదుగానే పోతుంది, పటాన్ని కోసేదేమో ఆ రేఖ దగ్గరే. దాంతో కొన్ని దీవులు కుడి అంచున, కొన్ని ఎడమ అంచున పడతాయి. దుకాణంలో ఉన్న పటంలో అయితే ఆ మూల గుర్తుల పట్టిక వేసి మూసేశారు. ఆ పిల్లలు తమ దేశం ఎక్కడుందో ఆ పటంలో వెతుక్కోవాలి! పసిఫిక్ మధ్యలో వచ్చేలా వేయగలరా అని అడిగితే, పెద్దాయన వారంలో ప్రూఫు తీసి చూపించాడు. ఫిజీ పెద్ద దీవులు విటి లెవు, వనువా లెవు స్పష్టంగా మధ్యకు వచ్చాయి, తవేయుని కోత లేకుండా వచ్చింది. ఈ దుకాణం చేసినవాటిలో నాకు బాగా నచ్చింది ఈ పటమే.

ఇక అసలు ఫిర్యాదు. కంప్యూటర్ దగ్గర కూర్చునే అబ్బాయికి తెలుగు రాదు. మనం యూనికోడ్‌లో టైపు చేసి పంపితే వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో ఒత్తులు విడిపోతున్నాయి. మొదటి ప్రూఫులో 'చక్కెర' ఒత్తు ఊడిపోయి పొల్లుతో వచ్చింది, 'తల్లి'లో లావత్తు పక్క అక్షరం కిందికి జారింది. అక్షరం మొదటిసారి చూసే పిల్లల కోసం చేసే చార్టు ఇది. ఇందులో తప్పుంటే ఆ తప్పే పాఠమవుతుంది. చెన్నైలో ఇంతమంది తెలుగువాళ్లం ఉండి, తెలుగు చదవగల మనిషి ఒక్కరు ఆ గదిలో లేకపోవడం నాకు చాలా బాధనిపించింది. ఫాంటు పొందుపరిచిన పీడీఎఫ్ ఇచ్చాక సమస్య తీరింది. మీరు కూడా మొదటే పీడీఎఫ్ ఇవ్వండి, ప్రతి ప్రూఫూ చదివాకే సరేననండి.

నాకింత పట్టింపు ఎందుకంటే, అక్కడ తెలుగు బడిని ఎవరో దయతలచి ఇవ్వలేదు. 1926లో సాధు కుప్పుస్వామి మొదలుపెట్టిన దక్షిణాదివాళ్ల సంఘం, అక్కడివాళ్లు సంగం అంటారు, అది కట్టుకున్న బడులే ఈనాడు 20కి పైగా ప్రాథమిక బడులు. తెలుగు కోసం విడిగా 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం పెట్టుకున్నారు. చెరకు కోసిన చేతులతో పోగుచేసిన డబ్బు అది. ఇప్పుడు ఆ బడుల్లో ఇతౌకేయి పిల్లలు, అంటే అక్కడి మూలవాసుల పిల్లలు కూడా పెద్ద సంఖ్యలో చదువుతున్నారు. ఇంటి భాష ఏదైనా చదువు ముందుకెళ్లేకొద్దీ ఇంగ్లీషే. తెలుగు దొరికేది వారంలో కొద్ది పీరియడ్లు. మా చెన్నైలోనూ బడుల్లో తమిళాన్ని తప్పనిసరి చేసిన 2006 తమిళ అభ్యసన చట్టం తర్వాత తెలుగు మీడియం తరగతులు ఒక్కొక్కటిగా పలచబడటం నేను ఉద్యోగంలో ఉండగానే చూశాను. ఆ కొద్ది పీరియడ్లలో పిల్లల ముందు పెట్టేది సరిగ్గా ఉండాలి.

ధరలు: 20×30 అంగుళాల నాన్ టియరబుల్ చార్టు ఒకవైపు అచ్చుకు 160 రూపాయలు, రెండువైపులా 240. ఇత్తడి ఐలెట్లకు వేరే తీసుకోలేదు. పసిఫిక్ పటం పెద్దది, 650 పడింది. బిల్లు అడిగితే ఇస్తారు, యూపీఐ ఉంది. ప్యాకింగ్ మాత్రం అద్భుతం. అట్టగొట్టం బదులు లావు పీవీసీ పైపులో చార్టులు చుట్టిపెట్టి రెండు చివర్లా మూతలు బిగించాడు. చెన్నై నుంచి సింగపూరు, అక్కణ్ణుంచి నాండి, మళ్లీ వనువా లెవుకు వేరే ప్రయాణం. ఒక్క చార్టూ నలగలేదట. ఆవిడ ఆ పైపును పారేయకుండా స్టాఫ్ రూములో పెట్టుకుంది, తుఫాను హెచ్చరిక వస్తే చార్టులన్నీ చుట్టి అందులో పెట్టేయడానికి.

ఆర్డరిచ్చేవాళ్లు దసరాకు ముందే ఇవ్వండి. నవంబరు వచ్చిందంటే ఆ వీధంతా క్యాలెండర్లు, డైరీల పనిలో మునిగిపోతుంది, చార్టుల పని వెనక్కి పోతుంది. ఫిజీలో బడులు జనవరి చివర్లో తెరుస్తారు, అందుకని మా రెండో ఆర్డరు సెప్టెంబరులోనే ఇచ్చేశాను. ఆదివారం సెలవు. మెట్ల మీద లైటు లేదు, పగటిపూటే వెళ్లండి.