బెడ్ పాన్, కమోడ్ కుర్చీ, డైపర్: మంచాన పడ్డవాళ్లకు ఏది మేలు?

"అక్కా, మా నాయనకు డైపర్లు తెచ్చుకుంటే సరిపోతదా, కుర్చీ కూడా కొనాల్నా?" పోయిన నెలలోనే నన్ను నలుగురు అడిగారు. ముగ్గురు నల్లగొండ వాళ్లు, ఒకరిది దేవరకొండ. పక్షవాతం వచ్చినవాళ్లను, తుంటి విరిగి ఆపరేషన్ అయినవాళ్లను ఇంటికి పంపేటప్పుడు మందుల చీటీ ఇస్తారు, ఫిజియోథెరపీ గురించి చెబుతారు. దొడ్డికి ఎట్లా తీసుకుపోవాలో మాత్రం నిదానంగా కూర్చోబెట్టి చెప్పేవాళ్లు తక్కువ. వార్డుల్లో, ఇళ్లల్లో పదకొండేళ్లుగా నర్సింగ్ అసిస్టెంట్‌గా నేను చేస్తున్న పనిలో సగం ఇదే, కాబట్టి రాస్తున్నాను.

కొత్త ఇంటికి డ్యూటీకి వెళితే నేను మొదట చూసేది మంచం పక్కనున్న నీళ్ల చెంబు. పొద్దున నింపింది సాయంత్రానికి అట్లాగే ఉంటే, ఆ ఇంట్లో పెట్టుకున్న పద్ధతి ఆ మనిషికి పడలేదన్నమాట. ఒంటికి వస్తే కోడలిని పిలవాలి, దొడ్డికి వస్తే కొడుకును లేపాలి. ఆ సిగ్గుతో పెద్దవాళ్లు నోరు తెరిచి అడగరు. నీళ్లు తాగడం తగ్గిస్తారు, రాత్రి అన్నం వద్దంటారు. నాలుగు రోజులకు మలం గట్టిపడుతుంది, మూత్రం ముదురు పసుపుకు తిరుగుతుంది, మంట, ఆ వెనకే జ్వరం. ఇంట్లోవాళ్లు ఆకలి లేదనుకొని టానిక్ తెస్తారు. అందుకే ఖరీదు, వాసన, కడగడంలో కష్టం అన్నీ నాకు తర్వాతి సంగతి. ఆ మనిషి వెనకాడకుండా నీళ్లు తాగుతున్నారా, లేదా? నేను చూసేది అదే.

అట్లా చూస్తే, కూర్చోగలిగినవాళ్లకు కమోడ్ కుర్చీయే మేలు, అంటే మధ్యలో రంధ్రం, దాని కింద గిన్నె ఉండే కుర్చీ. వెల్లకిలా పడుకొని మలవిసర్జన చేయడం మన ఒంటికి అలవాటు లేని పని. ముక్కాల్సి వస్తుంది, సగం లోపలే ఉండిపోతుంది. గుండె జబ్బు ఉన్నవాళ్లకు ఆ ముక్కుడు మంచిది కాదు. కుర్చీలో పాదాలు నేలకు ఆని, నడుము కొంచెం ముందుకు వంగితే పని దానంతటదే అవుతుంది. పొద్దున చాయ్, టిఫిన్ అయ్యాక ఇరవై నిమిషాలకు కూర్చోబెట్టండి. కడుపులో ఏదైనా పడ్డాక పేగులు కదులుతాయి, అదే సరైన సమయం. వారం పది రోజులు ఒకే వేళకు కూర్చోబెడితే చాలామందికి ఆ వేళే అలవాటవుతుంది.

మర్రిగూడ వైపు ఒక అవ్వ దగ్గర మూడు నెలలు చేశాను. ఫ్లోరైడ్ నీళ్లతో మోకాళ్లు బిగుసుకుపోయాయి, వెన్ను వంగిపోయింది. ఇంట్లో ఉన్నది కింద కూర్చునే దొడ్డి, ఆమెకేమో మోకాలు మడత పడదు. పడుకున్నవాళ్ల నడుము కింద పెట్టే బెడ్ పాన్ వాడదామంటే నడుము లేవదు, పాన్ అంచు తోకఎముకకు ఒత్తుకొని ఏడ్చేది. "పండుకొని పోవుడు నాతోని కాదు బిడ్డా, నన్ను కూసోబెట్టు" అన్నది. కాళ్ల ఎత్తు పెంచుకునే కమోడ్ కుర్చీ తెప్పించి మంచం ఎత్తుకు సరిచేశాం. మూడో రోజు నుంచి నీళ్ల చెంబు తనే అడిగి తాగి ఖాళీ చేసింది. ఫ్లోరైడ్ ఒంటివాళ్లను లేపేటప్పుడు చేతులు పట్టుకొని గుంజకండి. ఆ ఎముక చూడటానికి గట్టిగా ఉంటుంది కానీ తొందరగా విరుగుతుంది.

కుర్చీకి పనికొస్తారా లేదా తెలుసుకోవాలంటే మంచం అంచున పాదాలు నేలకు ఆనించి కూర్చోబెట్టండి. ఐదు నిమిషాలు పక్కకు ఒరగకుండా ఉంటే, కాలి మీద బరువు వేయొచ్చని డాక్టర్ కూడా చెప్పి ఉంటే, కుర్చీ వాడొచ్చు. బీపీ గోళీలు వేసుకునేవాళ్లకు లేవగానే కళ్లు తిరగొచ్చు, కాబట్టి లేపే ముందు అంచున రెండు నిమిషాలు ఆగాలి. పక్షవాతం వచ్చినవాళ్లకు కుర్చీ మంచి చేయి ఉన్న వైపు పెట్టాలి. చక్రాల బ్రేకులు ముందే వేయాలి. తుంటి ఆపరేషన్ అయితే కుర్చీ ఎత్తుగా ఉండాలి, మోకాలు తుంటి కన్నా పైకి రాకూడదు. కూర్చోబెట్టాక ఒళ్లో దుప్పటి కప్పి, తలుపు దగ్గరకు వేసి, పిలిస్తే వినపడేంత దూరంలో నిలబడండి. ఎదురుగా నిలబడి "అయిందా, అయిందా" అంటే ఎవరికీ కాదు.

కుర్చీయే మేలు అంటున్నాను గానీ, కోస్గి దగ్గర ఒక ఇంట్లో నేనే వద్దన్నాను. కొడుకులిద్దరూ పూణేలో పనిలో ఉన్నారు. ఎనభై కిలోల పెద్దాయన, ఆయన్ను లేపాల్సింది అరవై ఏళ్లు దాటిన పెద్దమ్మ ఒక్కతే. ఆయనా, పెద్దమ్మా కలిసి పడితే ఎవరిదో ఒకరిది తుంటి విరుగుతుంది. పాలమూరులో ఇట్లాంటి ఇళ్లు చాలా ఉన్నాయి. అక్కడ బెడ్ పానే సరి. అది ఒక్క మనిషితో అయ్యే పని, కాకపోతే సరిగ్గా పెట్టాలి. కాళ్లు మడిచి నడుము లేపగలిగితే అప్పుడు పాన్‌ను కిందికి జరపాలి. లేపలేకపోతే పక్కకు తిప్పి, పాన్‌ను పిరుదులకు ఆనించి పట్టుకొని వెల్లకిలా తిప్పాలి. స్టీలు పాన్ అయితే గోరువెచ్చని నీళ్లతో కడిగి తుడిచి పెట్టండి, చల్లటి స్టీలు తగిలితే ఒళ్లు బిగుస్తుంది. డాక్టర్ వద్దనకపోతే తల వైపు రెండు మెత్తలు వేసి ఎత్తు చేయాలి, అప్పుడు సగం కూర్చున్నట్టే. తుంటి విరిగినవాళ్లకు ఒక వైపు పలుచగా ఉండే పాన్ దొరుకుతుంది, పలుచటి వైపు నడుము కిందికి, పిడి కాళ్ల వైపు. పది నిమిషాలకు మించి ఉంచొద్దు. తీసేటప్పుడు గుంజితే చర్మం లేచిపోతుంది, మళ్లీ పక్కకు తిప్పే తీయాలి.

డైపర్ గురించి చెప్పాలంటే నా తప్పు ఒకటి చెప్పాలి. కొత్తలో ఒక ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ, వార్డంతటికీ ఇద్దరమే. కూర్చోగలిగే తాతకు కూడా పని తగ్గుతుందని డైపర్ వేశాను. మొదట్లో వస్తే చెప్పేవాడు, పది రోజులకు చెప్పడం మానేశాడు. పిర్ర మీద పుండు పడింది, మానడానికి రెండు నెలలు పట్టింది. ఆపుకోగలిగిన మనిషికి డైపర్ వేస్తే ఆ ఆపుకునే అలవాటు పోతుంది. నల్లగొండలో మే నెల 44 డిగ్రీల ఎండలో, కరెంటు పోయిన గదిలో, తడి డైపర్ లోపల చర్మం ఎట్లా ఉంటుందో ఆలోచించండి. తెలియకుండానే ఒంటికి, దొడ్డికి పోయేవాళ్లకు, ప్రయాణాలకు డైపర్ వాడండి, తప్పు లేదు. రెండు గంటలకోసారి విప్పి చూడాలి, ఆడవాళ్లకు ముందు నుంచి వెనక్కే తుడవాలి, ఆరాక జింక్ క్రీమ్ పలుచగా రాయాలి.

మగవాళ్లకు రాత్రిపూట ఒంటికి యూరిన్ పాట్ చాలు. మూత్రం పైపు మనం ఎంచుకునేది కాదు, డాక్టర్ వేస్తారు. ఎన్ని రోజులు ఉంటే ఇన్‌ఫెక్షన్ భయం అంత పెరుగుతుంది, కాబట్టి ఎప్పుడు తీస్తారని అడుగుతూ ఉండండి. బ్యాగ్ పొత్తికడుపు కన్నా కిందనే ఉండాలి, నేలకు తగలకూడదు.

ఇంకొక్క మాట. ఊళ్లలో ప్లాస్టిక్ కుర్చీకి మధ్యలో రంధ్రం కోసి కింద బకెట్ పెడుతున్నారు. కోసిన కుర్చీ బలం పోతుంది, మనిషి పక్కకు ఒరిగితే కాళ్లు విచ్చుకుంటాయి, కోసిన అంచు తొడకు గీసుకుంటుంది. డబ్బుకు ఇబ్బంది అయితే బరువైన చెక్క కుర్చీకి వడ్రంగితో కోయించి, అంచు నున్నగా చేయించి, చేతులు ఉన్నదే తీసుకోండి. కోయించే ముందు మంచం ఎత్తు కొలిచి, కుర్చీ కూడా అంతే ఎత్తు ఉండాలని చెప్పండి.